ఫోను మార్చిన వేసవి

ఆ వేసవిలో మా ఇంట్లో అందరికంటే ముందు ఒళ్ళు పాడుచేసుకున్నది మా ఆయన ఫోను. సెలవులు ఇచ్చీ ఇవ్వగానే డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు ఎగబడతారు. మా చిన్న డ్రైవింగు స్కూలుకి ఏడాది తిండి ఆ సీజన్లోనే దొరకాలి. పొద్దున్న మొదలైతే పొద్దుగూకేదాకా కారు ఆగదు. స్టీరింగు పక్కన స్టాండుకి బిగించిన ఫోనూ అద్దంలోంచి పడే ఎండకి అలాగే మాడుతూ ఉంటుంది. ఒకరోజు ఆయన భోజనానికొచ్చి ఫోను బల్ల మీద పెడితే అది సరిగ్గా ఆనలేదు, వేలు తగలగానే గిర్రున తిరిగింది. తిప్పి చూస్తే వెనక పొట్ట ఉబ్బి ఉంది.

ఇంకొకరింట్లో అయితే కొత్తది కొనుక్కుని, ఓ పూట గొణుక్కుని ఊరుకుంటారు. మా ఆయనకి అది ఫోను కాదు, గొంతు. మాటవరసకి అనడం లేదు. రెండేళ్ళ కిందట గొంతులో పుండు ముదిరితే డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం, దానికి అడ్డంగా పలచటి గుడ్డ, ఊపిరి అక్కణ్ణుంచే. మాట మాత్రం పోయింది. ఆపరేషనుకి ముందు ఆసుపత్రిలో ఒకావిడ ఆయన ఫోనులో ఒక యాప్ పెట్టించి, తర్వాత ఏ మాటలు కావలసొస్తాయో ఇప్పుడే మీ గొంతుతో చెప్పి దాచుకోండి అంది. మా ఆయన సాయంత్రాలు కారులో కూర్చుని, అద్దాలన్నీ ఎక్కించుకుని, ఒక్కొక్క మాటా చెప్పుకున్నారు. తెర మీద గళ్ళుగళ్ళుగా బొత్తాలుంటాయి. ఏది నొక్కితే ఆ మాట ఆయన గొంతుతోనే పలుకుతుంది. మొదటి పేజీ నిండా బండి మాటలు. బ్రేక్. క్లచ్ మెల్లగా వదులు. అద్దం చూడు. తొందరేం లేదు. నేనున్నాగా. రెండో పేజీ ఇంటి మాటలు.

మొదట్లో శిష్యులు బిత్తరపోయేవాళ్ళు. పక్కన కూర్చున్న మనిషి పెదవి కదపడు, ఎదురుగా ఉన్న ఫోను మాట్లాడుతుంది. రెండు క్లాసులు అయ్యేసరికి ఆ సంగతే మర్చిపోయేవాళ్ళు. ఆయనది బొంగురు గొంతు, తొందరలేని గొంతు. ఆ గొంతు "నేనున్నాగా" అంటే చేతుల వణుకు తగ్గిపోతుందని చాలామంది నాతో అన్నారు. ఆ మాట కోసమే కావాలని కారు రెండుసార్లు ఆపేసిన కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు.

ఆ సీజన్లో చేరినవాళ్ళలో బేకరీ ఆవిడ ఒకరు. నలభై దాటిన మనిషి, సొంతంగా బేకరీ నడుపుతుంది. బ్రెడ్డు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు చెప్పాపెట్టకుండా మానేస్తే, ఇక ఒకరి కాళ్ళు పట్టుకునేది లేదు, నేనే తోలుకుంటాను అని ఒట్టు పెట్టుకుని మా దగ్గరికొచ్చింది. ఒట్టయితే పెట్టుకుంది గానీ కారెక్కగానే పై ప్రాణాలు పైనే పోయేవి. స్టీరింగు ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకునేది. మా ఆయనకి ఆవిడంటే అదొక శ్రద్ధ. ఈవిడ చేత బండి తోలిస్తే నేను ఎవరిచేతైనా తోలించగలను అని పెదవులతో చెప్పారు నాకు. ఆయన పెదవులు చదవడం నాకొక్కదానికే బాగా వచ్చు. అమ్మాయికి సగం సగం వచ్చు.

అమ్మాయికి అప్పుడే కొత్త ఉద్యోగం, వేరే ఊళ్ళో హాస్టలు. నాన్న ఫోను ఉబ్బిందని చెప్పానో లేదో, సెలవు చూసుకుని ఐఫోను పట్టుకుని దిగింది. మొదటి జీతాల్లోంచి దాచి కొన్నదట. ఆయన పాతది ఆండ్రాయిడ్. నాకు ఈ పేర్లు తెలుసుగానీ వాటి మధ్య తేడా ఏమిటో అప్పటిదాకా తెలీదు. ఫోను మారిస్తే మారింది, సిమ్ము తీసి అందులో వేస్తే సరి అనుకున్నాను. అమ్మాయి రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, అన్నీ వాటంతటవే అటు వెళ్ళిపోతాయి నాన్నా, నువ్వు టీ తాగు అంది. నంబర్లు వెళ్ళాయి. ఫొటోలు వెళ్ళాయి. మా ఆడపడుచు రోజూ పంపే శుభోదయం బొమ్మలు ఒక్కటీ మిగలకుండా వెళ్ళాయి. అమ్మాయి పాతదాన్ని ఆపేసి, ఇది పేలినా పేలుతుంది, ఇంక దీన్ని ముట్టుకోవద్దు అని పెరట్లో ఇటుకల మీద పెట్టొచ్చింది.

ఆ తర్వాత చూస్తే కొత్త ఫోనులో బొత్తాల యాప్ లేదు. అమ్మాయి చాలాసేపు వెతికింది. ఆ యాప్ ఆండ్రాయిడ్‌లో తప్ప ఇంకెందులోనూ పనిచెయ్యదట, దాన్ని తయారుచేసినవాళ్ళు దుకాణం ఎత్తేసి చాలాకాలమైందట. ఒక్క క్షణం దాని మొహం పాలిపోయింది. వెంటనే తేరుకుని, ఇంతకంటే మంచిది ఉంది నాన్నా అని ఇంకోటి పెట్టింది. ఇందులో ఏ మాట టైపు చేస్తే ఆ మాట పలుకుతుంది, ఉన్న నాలుగు బొత్తాలతో సరిపెట్టుకోనక్కర్లేదు అని దాని సంబరం. అది అన్నదాంట్లో అబద్ధం లేదు. పాత ఫోనులో ఆయన వర్షం గురించి గానీ, వచ్చిన చుట్టాల గురించి గానీ ఒక్క ముక్క అనలేకపోయేవారు. ఆయన "థాంక్యూ అమ్మా" అని టైపు చేస్తే ఫోనులోంచి ఒక ఆడగొంతు ముద్దుముద్దుగా థాంక్యూ అమ్మా అంది, అందులో తెలుగుకి ఉన్నది ఆ గొంతొక్కటేనట. మన ఇంట్లోకి ఇంకో ఆడమనిషి వచ్చిందన్నమాట అని నేను వేళాకోళమాడాను. ముగ్గురం నవ్వుకున్నాం. అమ్మాయి బస్సెక్కి వెళ్ళిపోయింది.

అమ్మాయి కొత్త యాపులో కూడా బండి మాటలకి బొత్తాలు పెట్టే వెళ్ళింది. కాలేజీ పిల్లలు సర్దుకున్నారు. మాస్టారు లేడీ అయిపోయారని వెనకాల నవ్వుకునేవాళ్ళు, నా చెవినీ పడింది. మా ఆయన విననట్టే ఉండేవారు. బేకరీ ఆవిడ దగ్గరే వచ్చింది చిక్కు. ఆ రోజు మార్కెట్టు మలుపులో ఒక లారీ వెనక్కి వస్తోంది. ఈయన బ్రేక్ బొత్తం నొక్కారు. ఆ ఆడగొంతు, రైల్వే స్టేషన్లో తరవాతి బండి సంగతి చెప్పినట్టు, బ్రేక్ అంది. ఆవిడ పట్టించుకోలేదు. మళ్ళీ నొక్కారు. మళ్ళీ అంతే నెమ్మదిగా, అంతే తియ్యగా అంది. లారీ వెనక చెక్క మా ముందు అద్దానికి ఆనేంతలో ఈయన తన కాలి కింద ఉన్న రెండో బ్రేకు తొక్కేశారు. దెబ్బలేం తగల్లేదు, బంపరు సొట్టపోయింది. ఆవిడ దిగి రోడ్డు పక్కన కూలబడి ఏడ్చేసిందట. నేను మా స్కూలు ఆఫీసు నుంచి పరుగెత్తి వెళ్ళేసరికి మా ఆయన ఆవిడకి నీళ్ళ సీసా అందిస్తున్నారు.

"అది మీరని నాకు తెలీలేదు మాస్టారూ," అంది ఆవిడ. "దారి చెప్పే గొంతేదో అనుకున్నా."

ఆయన ఆవిడ భుజం తట్టారు. తప్పు నాది అని పెదవులతో అన్నారు. ఆవిడకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ ఆవిడకి చెప్పలేకపోయాను.

ఆ రోజునుంచి మా ఇంట్లో మాట ఆగిపోయింది. ఫోను బోర్లా పడి ఉండేది. మంచినీళ్ళు కావాలంటే చప్పట్లు చరిచేవారు. కొన్నాళ్ళకి చప్పట్లు కూడా మానేసి ఆయనే లేచి వెళ్ళి తాగేవారు. నేను ఏదైనా అడిగితే ఔననో కాదనో తల ఊపడం, పెదవులు కదపడానికి కూడా బద్ధకమైనట్టు. ఆపరేషనైన కొత్తలో ఆయన ఇలా లేరు. అప్పుడు బాధలో కూడా ఫోను పట్టుకుని నర్సుని ఆటపట్టించిన మనిషి. ఇప్పుడు ఒంట్లో ఏ జబ్బూ లేదు, మనిషే ముడుచుకుపోయారు. మీరిలా మూతి బిగించుకుంటే నేను గోడలతో మాట్లాడుకోవాలా అని కసిరేదాన్ని. అమ్మాయి రోజూ వీడియో కాల్ చేసి కొత్తది ఎలా ఉంది నాన్నా అని అడిగేది. ఈయన బాగుందన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించేవారు. పిల్ల మనసు నొప్పించకూడదని ఆయన తాపత్రయం.

ఒక పొద్దున్న పక్కవీధి టాక్సీ అతను వచ్చి మా కారు చుట్టూ తిరుగుతున్నాడు. తలుపు తీసి సీటు నొక్కి చూస్తున్నాడు. ఏమిటి సంగతి అంటే, మాస్టారు అమ్ముతానన్నారు కదా అని నీళ్ళు నమిలాడు. అతన్ని ఎలా పంపించానో నాకే తెలీదు. లోపలికొచ్చి చూస్తే ఆయన కుర్చీలో కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. ఇరవై ఏళ్ళుగా నడుపుతున్న స్కూలు, నాతో ఒక్క మాట అనకుండా అమ్మేస్తారా అని నిలదీశాను. ఆయన తలెత్తి, నా మాట వినిపించనప్పుడు పక్కన కూర్చుని ఏం చెయ్యను అన్నారు. పెదవులతో అంత పొడుగు మాట అని చాలారోజులైంది.

ఇంక నేను ఆగలేదు. పెరట్లోకి వెళ్ళి ఇటుకల మీదున్న పాత ఫోనుని తువ్వాల్లో చుట్టుకుని చెప్పులు వేసుకున్నాను. ఎక్కడికని ఆయన చేత్తో అడిగారు. భూతద్దం దగ్గరికి అన్నాను. బజార్లో ఫోన్లు బాగుచేసే అతన్ని ఊరంతా అలాగే పిలుస్తారు, ఎప్పుడూ ఒక కంటికి అద్దం తగిలించుకుని ఉంటాడు. ఆటో పిలుస్తుంటే వెనకనుంచి కారు హారను వినిపించింది. తాళాలు పట్టుకుని ఆయనే వచ్చారు. షాపులోకి మాత్రం రాలేదు, వెనక సందులో కారు ఆపుకుని కూర్చున్నారు.

భూతద్దం ఫోనుని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. యాప్‌లోంచి మాటలు తియ్యగలవా అంటే, వాటికి తాళం వేసి ఉంది, తాళంచెవి ఉన్న కంపెనీయే లేదు, నావల్ల కాదని చేతులెత్తేశాడు. నేను కదలకుండా నిలబడ్డాను. ఫోనులో ఎవరి మాటలమ్మా అని అడిగాడు. చెప్పాను. అతను కంటి అద్దం తీసి పక్కన పెట్టాడు.

"ఉబ్బిన బ్యాటరీ తీసేసి వేరేది తగిలిస్తాను. ఒక్కసారి వెలుగుతుంది. లోపల బోర్డు కాలిపోయింది, ఎంతసేపు ఉంటుందో చెప్పలేను. ఆరిందంటే మళ్ళీ నా దగ్గరికి తేవద్దు. ఇది పలుకుతుంటే కొత్త ఫోనుతో రికార్డు చేసుకోండి. ఇక్కడ వద్దు, నా షాపు గోలంతా అందులోకి ఎక్కుతుంది."

గోల లేని చోటు మాకు ఒకటే తెలుసు. వెలిగిన ఫోనుని రెండు చేతుల్లో పట్టుకుని కారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన మాస్టారు సీటులోకి జరిగారు, నేను శిష్యుల సీటులో కూర్చున్నాను. అద్దాలన్నీ ఎక్కించాం. చప్పుడవుతుందని ఏసీ కూడా వెయ్యలేదు. ఎండకి ఆ కారు లోపల పొయ్యి మీద ఉన్నట్టే ఉంది. కొత్త ఫోనులో రికార్డు బొత్తం తెరిచి ఆయన చేతి దగ్గరగా పెట్టాను. ముందు బ్రేక్ నొక్కండి అన్నాను.

ఆయన మొదటి పేజీ మీద వేలు పెట్టి పక్కకి తోసేశారు. రెండో పేజీ వచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏం చేస్తున్నారు, ముందు మనకి అన్నం పెట్టే మాటలు కానివ్వండి, తక్కినవి తర్వాత అని గొంతు తగ్గించి అరిచాను. ఆయన నా వైపు తిరిగి, నాకు అర్థమవ్వాలని మెల్లగా పెదవులు కదిపారు.

"బ్రేక్ అని ఎవరైనా అనొచ్చు."

అని, కొత్తదాన్లో రికార్డు నొక్కి, పాతదాన్లో పై గడిలో మొదటి బొత్తం నొక్కారు.

"ఇదిగో, నిన్నే."

ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. పాతికేళ్ళుగా నన్ను పిలిచిన పిలుపు అదే. పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. నేను ఎక్కడున్నానో, చేతిలో ఏముందో అన్నీ మర్చిపోయి, వంటింట్లోంచి పలికినట్టు, "ఆఁ, ఏంటండీ" అనేశాను.

రికార్డు అయిపోయింది. నా మాటతో సహా. నేను నాలిక కరుచుకున్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి నవ్వు మొదలుపెట్టారు. ఆయన నవ్వుకి చప్పుడుండదు, భుజాలు ఎగురుతాయి, మెడ దగ్గర గుడ్డ రెపరెపలాడుతుంది. నవ్వడానికి టైమిదేనా, తర్వాతది నొక్కండి అని తొందరపెట్టాను. "చిట్టితల్లీ, తిన్నావా" నొక్కారు. అది అమ్మాయిది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను, చక్కగా వచ్చింది. "ఇంకొంచెం వెయ్యి" నొక్కారు. అది అన్నం దగ్గరిది. ఇక నా తొందర చూసి జాలేసిందేమో మొదటి పేజీకి వచ్చి బ్రేక్ మీద వేలు పెట్టారు. తెర మీద తెల్లగా గీతలొచ్చాయి. తర్వాత నల్లగా అయిపోయింది.

పక్క బొత్తం వేలు నొప్పి పుట్టేదాకా నొక్కాను. చల్లబడితే వెలుగుతుందేమోనని పైట చెంగుతో విసిరాను. వెలగలేదు. బ్రేక్ పోయింది, తొందరేం లేదు పోయింది, నేనున్నాగా పోయింది. ఆ ఇరుకులో, ఆ ఉక్కలో, కారు స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఇన్నాళ్ళూ ఆయన ముందు ఏడవలేదు నేను. ఆయన అద్దాలు దించి, నా వీపు మీద చెయ్యి వేసి, నా ఏడుపు అయ్యేదాకా ఉన్నారు. తర్వాత కొత్త ఫోను తీసుకుని రికార్డు నొక్కి నా మూతి దగ్గర పెట్టారు. ఊఁ, కానీ అన్నట్టు గడ్డం ఎగరేశారు.

నా గొంతా అన్నాను. నీ గొంతే అన్నారు.

నాకు కారు నడపడం రాదు, సైకిలే సరిగ్గా రాదు. అలాంటిదాన్ని ఆయన స్కూలుకి గొంతు కావలసొచ్చింది. మొదటిసారి బ్రేక్ అంటే తల అడ్డంగా ఊపారు. రెండోసారీ అంతే. ఎన్నిసార్లు చెప్పించినా, అలా కాదు అలా కాదు. చివరికి నాకు తిక్కరేగి, మీ పాఠం మీరే చెప్పుకోండి, బ్రేక్ బ్రేక్ బ్రేక్ అని విసుక్కున్నాను. వెంటనే వేలెత్తి అదీ అన్నారు. మా ఇంట్లో విసుగు ఆయనకి అంత పనికొస్తుందని నాకు అంతవరకూ తెలీదు. క్లచ్చు, అద్దం, గేరు, అన్నీ ఇంటికొచ్చి కూర్చుని తీరిగ్గా చెప్పాను; కారులో దక్కిన తన మూడు మాటలతో పాటు వాటినీ ఆయన కొత్త యాపులో బొత్తాలకి ఎక్కించుకున్నారు. ఆఖరున ఆయన కాగితం మీద రాసి ఇచ్చారు, నేనున్నాగా అని. అది నేను అనలేనండీ, అది మీదే అన్నాను. ఆయన కాగితం వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి నేను అన్నాను, ఎవరికో వినబడకూడదన్నట్టు చిన్నగా. దానికి మాత్రం ఆయన మొదటిసారికే సరేనన్నారు.

బేకరీ ఆవిడకి నేనే కబురు పెట్టాను. రానని మొండికేస్తే బేకరీకి వెళ్ళి తీసుకొచ్చాను. మొదటి మలుపులో నా గొంతు బ్రేక్ అని అరవగానే ఆవిడ టక్కున ఆపి, వెనక సీటు వైపు తిరిగి, మీరెప్పుడు ఎక్కారండీ అందట. ఈ సంగతి మా ఆయన ఇంటికొచ్చి నాకు పెదవులతో చెబుతుంటే నవ్వు ఆపుకోలేక మూడుసార్లు ఆగారు. ఆ సాయంత్రం టాక్సీ అతను మళ్ళీ వస్తే, ఆయనే గేటు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించి పంపేశారు. వానలు పడేలోపు ఆవిడ పరీక్ష పాసైంది. ఇప్పుడు బ్రెడ్డు వ్యాను ఆవిడే తోలుతుంది, మా వీధిలోకి వస్తే హారను కొట్టకుండా పోదు.

సెలవులు అయిపోయేటప్పుడు అమ్మాయి వచ్చింది. జరిగినదంతా విని తలొంచుకుంది. ఆయన ఫోనులో దాని బొత్తం నొక్కారు. చిట్టితల్లీ, తిన్నావా. అంతే, వెళ్ళి ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. తర్వాత కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుని, నన్ను పిలిచే బొత్తం కూడా నొక్కి విని, అమ్మా ఇందులో నీ మాట కూడా ఎక్కింది, రెండు నిమిషాల పని, కత్తిరించేస్తాను, నాన్న గొంతొక్కటే ఉంటుంది అంది. ఆయన లేచి ఫోను దాని చేతిలోంచి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు ఆయన నన్ను పిలవాలంటే బొత్తం నొక్కుతారు. "ఇదిగో, నిన్నే" అని ఆయన పిలుస్తారు, "ఆఁ, ఏంటండీ" అని నేనే అందులోంచి పలుకుతాను. అంటే నేను వేరే పలకక్కర్లేదు. వంటింట్లో చేతిలో పని ఆపి, చప్పుడు చెయ్యకుండా వింటూ నిలబడతాను. ఇంకా రాలేదేమని ఆయన మళ్ళీ నొక్కుతారు. అప్పుడు కదులుతాను. ఒక్కోరోజు రెండోసారికి కూడా కదలను.